శుక్రవారం కిరీటం

పెద్దవాళ్ళని పిలిపించి పిల్లల కుర్చీల్లో కూర్చోబెట్టే పద్ధతి ఏ మహానుభావుడు కనిపెట్టాడో గానీ, ఆ కుర్చీలో కూర్చోగానే క్రిస్టా మ్యాచెట్‌కి సగం కోపం వచ్చేసింది. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. రాత్రంతా వృద్ధాశ్రమంలో డ్యూటీ చేసి, పొద్దున్నే అమ్మమ్మ దగ్గర పడుకున్న కొడుకుని బడి బస్సు ఎక్కించి, కాస్త కునుకు తీసి, మంచులో కూరుకుపోయిన కారుని పారతో తవ్వి బయటికి తీసుకుని వచ్చింది. వచ్చినదాన్ని కాస్త మనిషి కూర్చునే కుర్చీలో కూర్చోమనవచ్చు కదా. ఎదురుగా హెడ్మాస్టర్ ట్వీడీ మాత్రం తన చక్రాల కుర్చీని పక్క గదిలోంచి దొర్లించుకుని వచ్చి మరీ కూర్చున్నాడు.

ట్వీడీ ఒకప్పుడు ఇదే బళ్ళో క్రిస్టాకి ఆటల మాస్టారు. ఆమె బాస్కెట్‌బాల్ ఆడుతూ పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్ళింది ఆయనే. అందుకని ఆమెని ఇప్పటికీ ఎనిమిదో క్లాసు పిల్లలాగే చూస్తాడు. ఆయన పక్కన ఒకటో క్లాసు టీచరు మదాం సావోయి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, తలుపు వైపు చూస్తూ కూర్చుంది.

"కాఫీ తాగుతావామ్మా?" అన్నాడు ట్వీడీ.

"వద్దు సార్. విషయం చెప్పండి."

"మన ఎమ్మెట్ ఉన్నాడే, బంగారంలాంటి పిల్లాడు."

హెడ్మాస్టర్ అలా మొదలుపెట్టాడంటే తర్వాత వచ్చేది ఏమిటో తల్లులకి ఒకళ్ళు చెప్పక్కర్లేదు.

"మార్చి సెలవుల తర్వాత వాణ్ణి అటు పక్కకి మారిస్తే వాడికి సుఖంగా ఉంటుందని మేం అనుకుంటున్నాం," అన్నాడాయన, ఏదో కిటికీ పక్క సీటు ఇప్పిస్తున్నట్టు.

అటు పక్క. ఆ ఊళ్ళో ఆ మాట అంటే చాలు, ఇంకేం వివరించక్కర్లేదు. బడికి వాకిలి ఒకటే. లోపలికి రాగానే ఎడమ చేతి వైపు ఫ్రెంచి క్లాసులు, కుడి చేతి వైపు ఇంగ్లీషు క్లాసులు. ఎడమ పక్క చేరేవాళ్ళూ ఇంగ్లీషు ఇళ్ళ పిల్లలే. ఆరేళ్ళకి తీసుకొచ్చి అక్కడ దింపుతారు. లెక్కలు, పాటలు, ఈ రోజు ఎండా మంచా అని చెప్పుకోవడం, దాహం వేస్తే అడగడం, అన్నీ ఫ్రెంచిలోనే. సెప్టెంబరులో రెండు పక్కలా ఒకే రకం పిల్లలు ఉంటారు. మార్చి వచ్చేసరికి ఎడమ పక్క నుంచి నిదానంగా చదివేవాడు, కుదురుగా కూర్చోలేనివాడు, నోరు విప్పనివాడు, ఒక్కొక్కడే కుడి పక్కకి చేరతారు. ఆ తర్వాత ఊరు ఊరంతా ఫ్రెంచి క్లాసు పిల్లలు ఎంత చురుకో అని మురిసిపోతుంది. చురుగ్గా ఉండక చస్తారా? రాళ్ళన్నీ ఏరి పక్కింట్లో పోశాక మిగిలిన బియ్యం శుభ్రంగా ఉండక ఏమవుతుంది?

"ఎందుకు మార్చాలి?" అంది క్రిస్టా.

"వాడు మాట్లాడట్లేదమ్మా."

"ఎవరు, ఎమ్మెటా?"

ఆమెకి నవ్వు కూడా వచ్చింది. ఇంట్లో వాడి నోరు ఆపడం ఎవరి తరమూ కాదు. స్నానం చేస్తూ మాట్లాడతాడు. పళ్ళు తోముతూ మాట్లాడతాడు. పశ్చిమాన చమురు బావుల్లో పనిచేసే వాళ్ళ నాన్న డేల్ ఫోన్ చేస్తే, ఆయన హలో అనేలోపు వీడు వారం రోజుల కబుర్లూ చెప్పేస్తాడు.

"జనవరి నుంచి క్లాసులో ఒక్క ఫ్రెంచి మాట అనలేదు," అన్నాడు ట్వీడీ. "చదవమంటే చదవడు. అడిగితే చెప్పడు. అలా చూస్తూ కూర్చుంటాడు."

"సార్, మీరు వేరే పిల్లాడి సంగతి చెబుతున్నారేమో చూసుకోండి. మావాడు ప్రతి శుక్రవారం కిరీటం పెట్టుకుని ఇంటికొస్తాడు."

ఆ కిరీటం సంగతి ఇది. క్రిస్మస్ దాకా మదాం క్లాసులో పిల్లలు ఏ భాషలో మాట్లాడినా ఊరుకుంటుంది. సెలవులు అయి వచ్చాక, ఇక గడప లోపల ఇంగ్లీషు లేదు. సోమవారం పొద్దున్న ప్రతి పిల్లాడి కాలరుకీ బట్టలారేసే చెక్క క్లిప్పులు కొన్ని తగిలిస్తుంది. తనూ తగిలించుకుంటుంది. ఇంగ్లీషు మాట దొర్లితే ఒక క్లిప్పు పోతుంది. శుక్రవారం సాయంత్రానికి ఎవరి కాలరు మీద ఎక్కువ మిగిలితే వాళ్ళకి బంగారు రంగు కాగితం కిరీటం పెట్టి, బహుమతుల డబ్బాలో చెయ్యి పెట్టనిస్తుంది. రబ్బరు బంతి, ప్లాస్టిక్ డైనోసారు, ఏది చేతికి దొరికితే అది. జనవరి నుంచి ఇంచుమించు ప్రతి శుక్రవారం ఆ కిరీటం ఎమ్మెట్‌దే. క్రిస్టా వాటిని ఫ్రిజ్ తలుపు మీద వరసగా అంటించింది. డేల్‌కి ఫోటోలు పంపింది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకుంది. "ఏదీ, ఒక ఫ్రెంచి మాట అను నాన్నా" అని ఆమె అడిగితే, వాడు "అది బళ్ళో మాటమ్మా" అనేవాడు. కాబోలు అనుకుంది.

"ఆ కిరీటాలు దేనికి ఇచ్చారు మరి?" అని క్రిస్టా ఇప్పుడు మదాంని అడిగింది.

మదాం సావోయి గొంతు తగ్గించి ఏదో చెప్పింది. చెప్పింది ఫ్రెంచిలో.

క్రిస్టాకి ఒళ్ళు మండిపోయింది. ఇది కొత్త కాదు. గేటు దగ్గర కనపడి "మావాడు ఎలా ఉన్నాడు" అని అడిగినా ఫ్రెంచిలోనే జవాబు. పిల్లల చెవిన పడేంత దూరంలో ఆవిడకి ఇంగ్లీషు రాదు. అది ఆవిడ నియమం. ఆ క్లాసు పిల్లలు మదాంకి నిజంగానే ఇంగ్లీషు ఒక్క ముక్క రాదని నమ్ముతారు. నమ్మాలనే ఆ నాటకం. కిందటి నెల సూపర్ మార్కెట్లో కోడి మాంసం పాతదిచ్చారని కౌంటరు దగ్గర ఇదే మదాం ఇంగ్లీషులో గొడవపడుతుంటే క్రిస్టా సామాన్ల బండి ఆపి మరీ విన్నది.

"సార్, ఆ తలుపు వెయ్యండి. ఆవిడకి ఇంగ్లీషు గుర్తొస్తుంది," అంది.

ట్వీడీ లేచి తలుపు వేశాడు. మదాం ముఖం ఎర్రబడింది. పాతికేళ్ళు దాటి ఎంతో కాలం కాలేదు ఆవిడకి. కింద సముద్రం ఒడ్డున ఫ్రెంచి పల్లెల్లో పుట్టి పెరిగిన మనిషి.

"సెలవుల తర్వాత మొదటి రోజున ఎమ్మెట్ దగ్గర ఒక క్లిప్పు తీశాను," అంది. "పక్క పిల్లాడితో ఇంగ్లీషులో ఏదో అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ ఇంగ్లీషు మాట్లాడలేదు. తీయడానికి నాకేమీ దొరకలేదు."

"ఫ్రెంచి?"

"అదీ మాట్లాడలేదు."

"అంటే నోరు మూసుకుని కూర్చున్నందుకు కిరీటం పెట్టారు."

"అలా కాదండీ, నియమం ప్రకారం..."

"మరెలా? మీరే చెప్పండి, నేను వింటాను. ఆరేళ్ళ పిల్లాడు పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా నోరు మెదపకుండా కూర్చుంటే, వాడికేమైందని ఒక్కసారి అడగలేదు. శభాష్ అని నెత్తి మీద కాగితం పెట్టి పంపారు. మేము ఇంట్లో పండగ చేసుకున్నాం. ఇప్పుడు పిలిచి, వాడు మాట్లాడడు కాబట్టి గెంటేస్తాం అంటున్నారు. మాట్లాడకపోతే మంచివాడని నేర్పింది ఎవరండీ, నేనా?"

"గెంటేయడమేమిటమ్మా," అన్నాడు ట్వీడీ నొచ్చుకున్నట్టుగా. "అటు పక్కైతే వెనకబడిన పిల్లల్ని విడిగా కూర్చోబెట్టుకుని చెప్పే టీచరుంది. ఇటు పక్క లేదు. వాడి మంచికేగా."

"ఇటు పక్క ఎందుకు లేదు?"

"అదంతా పైవాళ్ళ ఏర్పాటు."

"బాగుంది సార్ ఏర్పాటు. మునిగిపోతున్నాడని మీరే అంటారు. తాడు మాత్రం తీసుకెళ్ళి అవతలి ఒడ్డున కట్టారు. అటు పక్కకి వెళ్ళినవాడు మళ్ళీ ఇటు వచ్చాడా ఎప్పుడైనా?"

ట్వీడీ గోడ మీద గడియారం చూసుకున్నాడు. అంతకంటే సూటి జవాబు ఇంకేముంటుంది.

క్రిస్టాకి ఫ్రెంచి అంటే మోజు కాదు. ఆమె పనిచేసే వృద్ధాశ్రమంలో సగం మంది ముసలివాళ్ళు ఫ్రెంచి పల్లెలవాళ్ళు. జీవితమంతా రెండు భాషలూ మాట్లాడినా, ఆఖరికి వచ్చేసరికి మంచంలో పడుకుని పుట్టినప్పటి భాషలోనే అడుగుతారు. ఏం అడుగుతున్నారో ఆమెకి తెలియదు. నీళ్ళిస్తుంది, దిండు సర్దుతుంది, దుప్పటి కప్పుతుంది. ఏదీ కాదు. శీతాకాలం మొదట్లో ఒక ముసలావిడ ఏదో ఒకటే మాట మళ్ళీ మళ్ళీ అడిగి, అడిగి, చివరికి క్రిస్టా చెయ్యి విదిలించి గోడ వైపు తిరిగి పడుకుంది. పగటి డ్యూటీ ఇవ్వమంటే రెండు భాషలూ వచ్చినవాళ్ళకే అంటారు. ఆ ఊళ్ళో కాస్త నిలకడగల ఉద్యోగం దేనికైనా అదే షరతు. నేను ఎలాగూ ఇంతే, నా కొడుకు నాలాగా చేతులు పిసుక్కుంటూ నిలబడకూడదు అనుకుంది. అందుకే ఎమ్మెట్‌ని ఎడమ పక్క చేర్చింది. వాడికి అక్కడ చోటు పోతే ఇక మళ్ళీ దొరకదు.

"నువ్వు సరే అంటే చాలు," అన్నాడు ట్వీడీ. "మదాం ఇప్పటికే సిఫారసు చేసేశారు. మిగతాది నేను చూసుకుంటాను."

"సరే అనను."

"క్రిస్టా, పంతానికి పోకమ్మా. చిన్నప్పుడూ ఇంతే నువ్వు. వాడికి ఆ భాష అంటట్లేదు. అంటనిదాన్ని రుద్దితే పిల్లాడు నలిగిపోతాడు."

"అంటలేదని మీకెలా తెలుసు? మీకొచ్చా సార్ ఫ్రెంచి?"

ట్వీడీ నవ్వాడు. "నాకు బోన్‌జూర్ వచ్చు," అన్నాడు. నమస్కారం అనే ఆ ఒక్క మాటతో ఆయన ప్రతి ఏడాదీ తల్లిదండ్రుల సమావేశంలో వేసే జోకు అది. అక్కడైతే అందరూ నవ్వుతారు.

క్రిస్టా కుర్చీలోంచి లేచింది. లేస్తుంటే కుర్చీ ఆమెతో పాటే లేచి కింద పడింది. తీయలేదు. "నా కొడుకుని తీసుకుని పోతున్నాను. ఆలోచించుకోవాల్సింది మీరు," అని బయటికి వచ్చేసింది.

అప్పుడే ఇంటి గంట కొట్టారు. ఎడమ పక్క నడవ చివర పిల్లలు బూట్లూ కోట్లూ వేసుకునే గది ఉంది. శీతాకాలంలో టీచర్లు పాఠాలు చెప్పే కాలం ఎంతో, పిల్లలకి బట్టలు తొడిగే కాలం అంత. మందపాటి ప్యాంటు, బూట్లు, కోటు, టోపీ, మఫ్లరు, గ్లవ్సు. ఒకటి ముందు వేసుకోవాల్సింది వెనక వేసుకుంటే మొత్తం విప్పి మళ్ళీ మొదలు. ఆ పని మీద ఉండేది బెర్నీస్. క్రిస్టా వాళ్ళమ్మకి వరసకి చెల్లెలు. ఆవిడకి ఫ్రెంచి రాదు, నేర్చుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు.

క్రిస్టా ఆ గది తలుపు దగ్గరికి వచ్చి ఆగిపోయింది. తలుపు మీది అద్దం నిండా పిల్లలు కత్తిరించిన కాగితం మంచుపూలు అంటించి ఉన్నాయి. లోపల ఏముందో కనపడదు. వినపడుతోంది మాత్రం.

ఒక గొంతు గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతోంది. ఒకళ్ళని కసురుతోంది, ఇంకొకళ్ళని బుజ్జగిస్తోంది, మధ్యలో ఏదో పాట ముక్క అందుకుని వదిలేస్తోంది. ఆ మాటల్లో ఒక్కటి కూడా క్రిస్టాకి అర్థం కాలేదు. కానీ ఆ గొంతు తెలియకపోవడమేమిటి. స్నానం చేస్తూ, పళ్ళు తోముతూ ఆమె చెవులకి తూట్లు పొడిచే గొంతు అది.

తలుపు కాస్త తీసి తల లోపలికి పెట్టింది. తలుపు పక్కనే బెర్నీస్ వంగి ఎవరిదో జిప్పు లాగుతోంది. ఎమ్మెట్ వీపు ఇటు ఉంది. తన కోటూ బూట్లూ ఎప్పుడో వేసేసుకున్నాడు. తల్లి పనికి పోయే ఇంట్లో పిల్లలకి ఆ విద్య తొందరగా వస్తుంది. ఇప్పుడు నేల మీద కూర్చుని, ఇంకో పిల్ల కాలు ఒళ్ళో పెట్టుకుని బూటు తొడుగుతున్నాడు. ఆ పిల్ల ముక్కు కారుస్తూ ఏడుస్తోంది.

"పిన్నీ," అంది క్రిస్టా చిన్నగా. "వీడు రోజూ ఇలాగే మాట్లాడతాడా?"

"ఎవడు, నీ కొడుకా? అమ్మో, ఇక్కడికొస్తే వాడి నోటికి తాళం లేదు. ఏం వాగుతాడో నాకేం తెలుసు గానీ, వాడు చెబితే అందరూ గ్లవ్సు తొడుక్కుంటారు. నాకంటే వాడే నయం."

"ఎవరికైనా చెప్పావా?"

"చెప్పడానికేముంది? లోపలా ఇంతే అనుకున్నా. ఎవరైనా అడిగితేగా."

క్రిస్టా చూపు గోడ మీద పడింది. ఒక్కో పిల్లాడి కొక్కెం కింద ఒక్కో దారం. దారానికి వాళ్ళ వాళ్ళ చెక్క క్లిప్పులు. "ఇవి ఇక్కడెందుకున్నాయి?"

"మఫ్లరు చుడితే గొంతు కింద గుచ్చుకుంటున్నాయని నేనే తీయిస్తా. మళ్ళీ పొద్దున్న తగిలించుకుని లోపలికి పోతారు."

క్రిస్టా తల వెనక్కి తీసుకుంది. తలుపు చప్పుడు కాకుండా మూసి, వచ్చిన దారినే తిరిగి వెళ్ళింది. గదిలో ట్వీడీ ఆ పడిపోయిన కుర్చీని నిలబెడుతున్నాడు. ఆయన్ని పట్టించుకోకుండా క్రిస్టా మదాం మోచెయ్యి పట్టుకుంది.

"రండి. ఇద్దరూ రండి. మాట్లాడకండి. ఒక్క ముక్క మాట్లాడారంటే నేను ఊరుకోను."

"క్రిస్టా, ఏంటమ్మా ఇది..."

"సార్, నడవండి."

ఒకప్పటి ఆటల మాస్టారు కాబట్టి ఆ గొంతు ఎలాంటిదో ఆయనకి తెలుసు. నడిచాడు. ముగ్గురూ ఆ మంచుపూల తలుపు ముందు నిలబడ్డారు. లోపల ఎమ్మెట్ గొంతు సాగుతూనే ఉంది.

ట్వీడీ కళ్ళు పెద్దవి చేసి, బొటనవేలు ఎత్తి చూపించాడు. మాట్లాడుతున్నాడే అని సంబరం. మదాం కూడా మొదట నవ్వబోయింది. ఆ నవ్వు సగంలో ఆగింది. తలుపుకి ఇంకాస్త దగ్గరగా జరిగి విన్నది. వింటూ వింటూ కాలరు దగ్గరికి చెయ్యి పోనిచ్చి, తన క్లిప్పుల్ని వేళ్ళతో గట్టిగా పట్టుకుంది.

"ఏమంటున్నాడు?" అంది క్రిస్టా గుసగుసగా.

మదాం తల అడ్డంగా ఊపింది.

ఇంతలో ట్వీడీ ఆగలేకపోయాడు. ఇలాంటి చోట్ల హెడ్మాస్టర్లకి తలుపు తీసి ఒక మంచి మాట చెప్పాలనిపిస్తుంది. తలుపు తోసి, "శభాష్ రా ఎమ్మెట్," అంటూ లోపలికి వెళ్ళాడు. ఆయన వెనక మదాం కనిపించింది.

గది మొత్తం ఒక్కసారిగా నోరు మూసుకుంది. ఎమ్మెట్ ఒక్కడే కాదు. ఉన్న పిల్లలందరూ చేతిలోవి చేతిలోనే వదిలేసి గోడ వైపు తిరిగారు, దారాల మీంచి క్లిప్పులు లాగారు, కోట్ల కాలర్లకీ, మఫ్లర్లకీ, దొరికిన చోటల్లా తగిలించుకున్నారు. ఎమ్మెట్ తనవి తగిలించుకున్నాక, ఆ ఏడుస్తున్న పిల్లకి కూడా తగిలించాడు. ఆమె దారం మీద మిగిలింది ఒక్కటే. తర్వాత పెదవులు లోపలికి మడుచుకుని నిలబడ్డాడు. తల్లిని చూశాడు, చూసినా "అమ్మా" అనలేదు.

క్రిస్టా కొడుకు ముఖం వైపు చూసింది. వాణ్ణి అలా ఎప్పుడూ చూడలేదు ఆమె. ఇంట్లో ఉండే పిల్లాడు వేరు, ఈ నోరులేని బొమ్మ వేరు. రెండు నెలలుగా పొద్దున్నే బస్సెక్కి వచ్చి వీడు ఇలా తయారవుతున్నాడు. అది తెలియక తను ఫ్రిజ్ మీద కిరీటాలు అంటించుకుంది.

"ఇప్పుడు చెప్పండి మదాం," అంది. "ఏమన్నాడు మావాడు?"

మదాం పిల్లల వైపు చూసింది.

"వాళ్ళని చూడకండి. నన్ను చూడండి. సారుకి రాదు. నాకు రాదు. ఇక్కడ వచ్చింది మీ ఒక్కరికే. మావాడికి ఇక్కడ చోటుందో లేదో తేల్చేది మీరే. వాడేమన్నాడో నాకర్థమయ్యే భాషలో చెప్పండి."

మదాం గొంతు సవరించుకుంది.

"ఏడవకు టెస్సా అన్నాడు," అంది ఇంగ్లీషులో.

పిల్లలందరూ నోళ్ళు తెరిచారు. మదాంకి ఇంగ్లీషు వచ్చు. వెనక నుంచి ఎవరో "హా" అన్నారు. మదాం ఆగలేదు. ఆగితే మళ్ళీ చెప్పలేననుకుందేమో.

"టెస్సా ఈ మధ్యే వచ్చింది. వేరే ఊరి నుంచి. రోజూ క్లిప్పులు పోగొట్టుకుంటూనే ఉంటుంది. ఆ పిల్లతో చెబుతున్నాడు. 'కాలు ఇటివ్వు, అది కాదు, రెండోది. ఏడవకు. లోపల నోరు తెరవకు. తెరిస్తే మదాం తీసేసుకుంటుంది. తెరవకపోతే ఎవరూ ఏమీ తీసుకోలేరు. మంచిపిల్లవని కిరీటం కూడా పెడుతుంది. మాటలన్నీ ఇక్కడికి దాచుకో. ఇక్కడ మదాం ఉండదు.'"

చెప్పడం అయ్యాక ఆవిడ టెస్సాకి తగిలించి ఉన్న ఒక్కగానొక్క క్లిప్పు వైపు చూసింది.

"అదంతా ఫ్రెంచిలోనే చెప్పాడా?" అన్నాడు ట్వీడీ, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"అంతా ఫ్రెంచిలోనే. కొన్ని తప్పులున్నాయి," అంది మదాం. "నేను నేర్పిన మాటలే. అన్నీ నేను చెప్పే తీరులో, నా గొంతుతోనే అన్నాడు."

"అయితే మంచిదేగా. వసంతకాలం దాకా చూసి, అప్పుడు మళ్ళీ కూర్చుని..."

"చూడటాలు అయిపోయాయి సార్," అంది క్రిస్టా. "ఇప్పుడు తేల్చండి. వీళ్ళందరి ముందూ తేల్చండి. వాడు ఉంటాడా, పోతాడా?"

"ఉంటాడు," అంది మదాం. ట్వీడీ వైపు తిరిగి, "నా సిఫారసు వెనక్కి తీసుకుంటున్నాను. పిల్లాడికి సాయం చేసే టీచరు కావాలి. ఇటు పక్కకే కావాలి. పైవాళ్ళని అడగండి," అంది.

"ఇవ్వరమ్మా."

"ఇచ్చేదాకా అడగండి," అంది క్రిస్టా. "నేనూ వచ్చి అడుగుతాను. రోజూ వస్తాను. నా సంగతి మీకు తెలుసు."

తెలుసు కాబట్టే ట్వీడీ సరేనన్నాడు. క్రిస్టా ఆయనకీ మదాంకీ థాంక్స్ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? తన పిల్లాడి చోటు తన పిల్లాడికి ఇచ్చినందుకా?

అప్పుడు కదిలాడు ఎమ్మెట్. తడి నేల మీద బూట్లు కిచకిచలాడించుకుంటూ మదాం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. తల ఎత్తి ఆమె కాలరు వైపు చూశాడు. అరచెయ్యి చాచాడు. నియమం ఎవరికైనా నియమమే కదా. మదాం ఇంగ్లీషు మాట్లాడింది.

మదాం మోకాళ్ళ మీద కూర్చుంది, ఆ మురికి నీళ్ళలోనే. వాడు క్లిప్పు ఒకటి తీశాడు. ఆలోచించాడు. మదాం ఒక్క మాటేనా మాట్లాడింది, చాలా మాట్లాడింది. ఇంకొకటి తీశాడు. అలా ఉన్నవన్నీ తీసేశాడు. మదాం కళ్ళు తుడుచుకోకుండా కదలకుండా కూర్చుంది. వాడు ఆ క్లిప్పుల్ని తీసుకెళ్ళి టెస్సా మఫ్లరుకి తగిలించి, తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

ఇద్దరూ కారు దగ్గరికి వచ్చారు. క్రిస్టా అద్దం మీది మంచుని బరబరా గీకింది. కోపం ఇంకా తగ్గలేదు. తగ్గాలని ఆమెకి లేదు కూడా. ఇంటికి వెళ్ళగానే ఆ ఫ్రిజ్ మీది కాగితాలన్నీ పీకి పొయ్యిలో పెట్టాలనుకుంది.

వెనక సీట్లో బెల్టు పెట్టుకుంటూ ఎమ్మెట్ అడిగాడు. "అమ్మా, ఈ శుక్రవారం మదాంకి కిరీటం రాదు కదా?"

"రాదు నాన్నా."

"నోరు తెరిచింది, అందుకే కదా?"

క్రిస్టా కారు స్టార్ట్ చేయబోయి ఆగింది. అద్దంలో వాడి ముఖం కనిపిస్తోంది. పాపం అని జాలిగా అడుగుతున్నాడు, వాళ్ళ టీచరు గురించి.

"అవును," అంది. "నువ్వు కూడా తెరిచి, పోగొట్టుకో. అన్నీ పోగొట్టుకుని రా. ఒక్కటి మిగుల్చుకుని వచ్చావో, నా చేతిలో ఉంది నీకు."

వాడు బెల్టు టక్కున పెట్టేసుకున్నాడు. తర్వాత, టెస్సా బూటు ఎప్పుడూ ఎడమది కుడికాలికి వేసుకుంటుందని చెప్పడం మొదలుపెట్టి, ఇల్లు వచ్చేదాకా ఆపలేదు.